జత కట్టిన చేపల వెల

1868లో ఇంగ్లండుకు పోవలసిన ఓడ ఒకటి దారిలో బ్రెజిల్ రేవు సాల్వడార్‌లో ఆగింది. అందులో ఒంగోలు జాతి పశువుల జత ఉంది. ఆ జతను అక్కడే అమ్మేశారు. నెలోర్ అని తాము పిలుచుకునే జాతి చరిత్రను బ్రెజిల్ పశుపోషకులు ఈ బేరంతోనే మొదలుపెడతారు. ఇవాళ ఆ దేశపు మాంసపు మందల్లో సింహభాగం ఆ రక్తమే. నలభై ఏళ్ల తర్వాత, 1909లో, అమెజాన్ నీళ్లలో పుట్టిన ఇంకో ప్రాణి అటునుంచి ఓడెక్కి జర్మనీలోని హాంబర్గ్‌లో దిగింది. పళ్లెంలా పలచటి ఒళ్లు, నిలువు చారలు, పైకీ కిందికీ బారెడు రెక్కలు. ఇప్పుడు మన ఊళ్లలో ఏ అక్వేరియం దుకాణంలోనైనా కనిపించే ఏంజెల్ ఫిష్ అదే. ఈ రెండు ప్రయాణాల్ని పక్కపక్కన పెట్టడం ఊరికే కాదు. ఒంగోలు జతను కొన్నవాడికి కోడె ఏదో ఆవు ఏదో తెలుసు. ఆవు ఎదకొచ్చిన రోజున రెంటినీ ఒక దొడ్లో విడిస్తే పని అయిపోతుందనీ తెలుసు. ఏంజెల్ ఫిష్ కొన్నవాడికి ఆ రెండూ తెలియవు. తొట్టిలో ఉన్నవాటిలో మగదేదో చూసి చెప్పలేడు. చెప్పగలిగినా, అది పక్కనున్న ఆడదాన్ని ఒప్పుకుంటుందన్న హామీ లేదు. ఒప్పుకోకపోతే రెక్కలు చిరిగేలా తరుముతుంది. అక్వేరియం వ్యాపారంలో ‘జత’ అనే సరుకు ఈ లేని హామీలోంచే పుట్టిందని నా వాదన. జతకు చెల్లించేది రెండు చేపల ధర కాదు. చేపలు వాటంతట అవి చేసుకున్న ఎంపికకు, ఆ ఎంపిక జరిగేదాకా ఎవరో కాచుకు కూర్చున్న నెలలకు చెల్లించే ధర. మనిషి ఆ ఎంపికను తప్పించగలిగిన ప్రతిచోటా జత వెల పడిపోయింది.

ముందుగా, జత వెల ఎన్నడూ పుట్టని చోట్లు చూద్దాం. పెంపుడు చేపల్లో పాతది గోల్డ్ ఫిష్. చైనాలో సోంగ్ రాజుల కాలానికే కొలనుల్లో పెరిగింది, 1502లో జపాన్‌లోని సకాయ్ రేవుకు చేరిందంటారు. 1724లో యానగిసావా యోషిసాతో అనే ప్రభువు కోరియామాకు బదిలీ అయి వచ్చినప్పుడు గోల్డ్ ఫిష్ కూడా వెంట వచ్చింది. తర్వాత కాలంలో జీతం చాలని సమురాయ్‌లకు దాని పెంపకం పక్క ఆదాయమైంది. ఇంత పాత వ్యాపారంలో జతకు చోటు లేకపోవడానికి కారణం ఆ చేప స్వభావమే. ఆడది గుడ్లు వెదజల్లుతూ పోతుంటే రెండో మూడో మగవి వెంటపడతాయి; పని కాగానే ఎవరి దారి వారిది, దొరికితే తమ గుడ్లు తామే తినేస్తాయి. కాబట్టి పెంపకందారు నేర్పంతా వేల పిల్లల్లోంచి పనికొచ్చే కొన్నింటిని ఏరడంలో ఉంది, తల్లిదండ్రుల్ని కలపడంలో లేదు.

రెండో ఉదాహరణ పారడైజ్ ఫిష్. 1869లో చైనా నుంచి వచ్చిన ఈ చేపలు పారిస్‌లో పియెర్ కార్బొనియే అనే చేపల పెంపకందారు చేతికి అందాయి. ఓడలో బయల్దేరినవాటిలో బతికి చేరినవి పాతిక లోపే. ఆ కొన్నింటినుంచే ఆయన పిల్లల్ని తీశాడు. మగ చేప నోటితో గాలి బుడగలు ఊది నీటిపైన గూడు కట్టడం, ఆడదాన్ని చుట్టుకుని గుడ్లు రాలేలా చేయడం, తర్వాత దాన్ని తరిమేసి ఒంటరిగా కాపలా కాయడం చూసి రాశాడు. కొన్నాళ్లకు మన గంగ వైపు నీళ్లలోని గురామిని కూడా అలాగే పెంచాడు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ చేపల్లో మగది రంగుతోనూ రెక్కల పొడవుతోనూ దూరం నుంచే తెలిసిపోతుంది. వాటి కలయిక ఒక్క పూట పని. అమ్మేవాడు ఈ తొట్టిలోంచి ఒక మగదాన్ని, ఆ తొట్టిలోంచి ఒక ఆడదాన్ని వలతో తీసి సంచిలో వేస్తే జత తయారు. అందుకే మొదట్లో అపురూపంగా కనిపించిన పారడైజ్ ఫిష్ కొద్ది తరాల్లోనే ఐరోపా ఇళ్లలో మామూలు చేప అయిపోయింది. అరుదుగా ఉన్నన్నాళ్లే దానికి ధర. చేపలు పెరిగితే ధర తరిగింది, జత పేరు మీద విడిగా మిగిలిందేమీ లేదు.

ఏంజెల్ ఫిష్ దగ్గర ఈ లెక్క తిరగబడింది. దాని కులం వేరు. సిక్లిడ్ జాతి చేపల్లో చాలావాటిలాగే ఇదీ ఒక తోడును ఎంచుకుని, ఇద్దరూ కలిసి గుడ్లనూ పిల్లల్నీ కాస్తుంది. నిలువుగా ఉన్న ఆకునో పలకనో పైపునో ముందుగా రెండూ కలిసి నోటితో శుభ్రం చేస్తాయి. తర్వాత ఆడది వరసలుగా గుడ్లు అతికిస్తూ పోతుంది, వెనకే మగది. రెండు మూడు వందలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రెండు మూడు రోజుల్లో గుడ్లు చిట్లి తోకలు కదులుతాయి, వారం తిరిగేసరికి పిల్లలు ఈదుతాయి. మగా ఆడా తేడా బయటపడేది గుడ్లు పెట్టే ఆ కాసేపే: పొట్ట కింద బయటికి వచ్చే గొట్టం మగదానికి సన్నగా మొనదేలి, ఆడదానికి మొద్దుగా వెడల్పుగా ఉంటుంది. మిగతా రోజుల్లో నుదురు ఉబ్బును బట్టో వీపు రెక్క వంపును బట్టో చెప్పేదంతా ఊహే. కనుక పెంపకందారులు వందేళ్లుగా పాటించే పద్ధతి ఒక్కటే. ఆరో ఎనిమిదో పిల్లల్ని ఒక తొట్టిలో పెంచు. ఎనిమిది పది నెలలు ఆగు. ఏ రెండు ఒక మూలకు చేరి మిగిలినవాటిని దగ్గరికి రానివ్వడం లేదో చూడు. ఆ రెంటినీ వేరే తొట్టికి మార్చు. ఇంతా చేశాక జత దొరికినట్టే అనుకోవద్దు. పరీక్ష అప్పుడే మొదలు. మొదటి రెండు మూడు కాన్పుల గుడ్లు తినేసే జతలు ఎక్కువే.

దీన్నిబట్టి ఏంజెల్ వ్యాపారంలో రెండు ధరలు విడిపోయాయి. పిల్ల ధర ఎక్కడికక్కడ పడిపోతూ వచ్చింది. మన దుకాణాల్లో అది పదుల రూపాయల్లో మాట. గుడ్లు పెట్టిన జత మాత్రం వందల్లోకీ వేలల్లోకీ పోతుంది. ఆ జతలోని రెండు చేపలూ ఏడాది కింద ఆ పదుల రూపాయల పిల్లలే. అరుదైనదానికే ధర అనేవాళ్లకు జవాబు ఇక్కడుంది. అరుదు అనేది చేపకు సంబంధించిన మాటైతే ఏంజెల్ అరుదు కాదు, లక్షల్లో పుడుతుంది. ఒక్కొక్కటిగా దొరికేవి రెండు కలిస్తే అంత వెల ఎందుకు వస్తున్నట్టు? మధ్యలో జరిగిన పని మనిషి చేయగలిగింది కాదు గనక. మనిషి తిండి పెట్టగలడు, నీళ్లు మార్చగలడు, వేడి పెంచగలడు. రెండు చేపల మధ్య ఒప్పందం కుదర్చలేడు. దానికి కాచుకోవడం ఒక్కటే దారి, ఆ కాపు రోజులే డబ్బు.

దీని మీద గట్టి ఆక్షేపణ ఒకటి వంశం వైపు నుంచి వస్తుంది. మంచి జతకు ఎక్కువ ఇచ్చేది వాటి రంగుకూ రక్తానికీ గానీ వాటి ఎంపికకు కాదంటారు. ఏంజెల్ చరిత్రలో దీనికి ఊతం ఉంది. 1950లలో అమెరికాలో నల్ల ఏంజెల్ వచ్చింది, తర్వాత మార్బుల్, గోల్డ్ రకాలు వచ్చాయి. కొత్త రంగు జత చేతిలో ఉన్నవాడిదే కొన్నేళ్లపాటు ఇష్టారాజ్యం. కానీ ఆ రంగుల కథే ఇంకో వైపు కూడా చూపిస్తుంది. నలుపును తెచ్చే జన్యువు ఒక పాలు ఉంటే చేప పొగచూరిన లేసు గుడ్డలా ‘బ్లాక్ లేస్’ అవుతుంది. రెండు పాళ్లూ ఉంటే బొగ్గు నలుపు. రెండు బ్లాక్ లేస్‌లు జత కడితే పిల్లల్లో నాలుగో వంతు నల్లవి, సగం తల్లిదండ్రుల్లాంటివి, మిగిలిన నాలుగో వంతు మామూలు వెండి రంగువి. ఈ లెక్క తెలియనివాడు తొట్టి నిండా లేసు చేపలు వస్తాయని కొని, వెండి పిల్లల్ని చూసి మోసపోయాననుకుంటాడు. అమ్మినవాడు మోసం చేయలేదు, మెండెల్ వంశపారంపర్య సూత్రం చేసిన పని అది. 1980లలో జోయాన్ నార్టన్ అమెరికన్ అక్వేరియం పత్రికలో ఈ జన్యువుల్ని ఒక్కొక్కటిగా విప్పి రాశాక పెంపకందారులకు ముందే లెక్క వేసుకోవడం అలవాటైంది. అంటే వంశం అనేది కాగితం మీద తేలిపోయే విషయం అయింది. కావలసిన జన్యువులున్న పిల్లల్నే కొనుక్కోవచ్చు, చవగ్గా. అయినా జత ధర పోలేదు. కాగితం మీద కుదిరిన సంబంధం తొట్టిలో కుదరకపోవచ్చు. జాతకాలు కలిసినా పిల్లకు పిల్లాడు నచ్చని పెళ్లిచూపుల లాంటిదే ఇది. నల్లదాన్నీ గోల్డ్‌నూ కలపాలని పెంపకందారు అనుకుంటాడు, నల్లది వెళ్లి పక్కనున్న వెండిదాన్ని పట్టుకుంటుంది. రంగు ధర ఉన్నమాట నిజమే. అది జత ధర మీద కూర్చున్న ఇంకో ధర, దానికి బదులు కాదు.

‘ఎంపిక’, ‘ఇష్టం’ అనే మాటలు చేపకు తగిలించడం అతి అని మరొకరు అనవచ్చు. ఇరుకు తొట్టిలో బలమైన రెండు చేపలు మూలను ఆక్రమించుకోవడాన్ని మనం పెళ్లిగా చదువుతున్నామేమో? ఈ సందేహం తీసిపారేయదగ్గది కాదు. మగది దొరకని తొట్టిలో రెండు ఆడ ఏంజెళ్లు జత కట్టి, పలక శుభ్రం చేసి, ఇద్దరూ గుడ్లు పెట్టడం పెంపకందారులందరికీ తెలిసిన సంగతి. గుడ్లన్నీ తెల్లబడిపోయాకే అమాయకపు కొనుగోలుదారుకు విషయం అర్థమవుతుంది. కానీ ఏంజెల్‌కు దూరపు చుట్టమైన కాన్విక్ట్ సిక్లిడ్ మీద ఫ్రాన్స్‌లో చేసి 2019లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఈ సందేహాన్ని బాగా తగ్గిస్తుంది. ఆడ చేపలకు ముందు రెండు మగవాటిని చూపించి ఏది నచ్చిందో కనిపెట్టారు. తర్వాత ఒక రంగు మూతున్న పెట్టెలో తిండి ఉంటుందనీ ఇంకో రంగు మూతదాంట్లో ఉండదనీ నేర్పారు. చివరికి రెంటికీ మధ్య రంగు మూత పెట్టారు. నచ్చిన మగదానితో ఉంచిన చేపలు ఆ అనుమానపు పెట్టెను తెరవబోయాయి. నచ్చనిదానితో ఉంచినవి వెనకాడాయి. మూల ఆక్రమణతో దీన్ని వివరించలేం. ఇష్టం అన్న మాట నచ్చకపోతే ఇంకోటి వాడుకోవచ్చు. దుకాణదారుకు మాత్రం అది రొక్కంలో కనిపించే విషయం.

డిస్కస్ దగ్గరికి వచ్చేసరికి ఒప్పందం ఇంకా లోతుకు పోతుంది, ధర కూడా. హెకెల్ అనే శాస్త్రవేత్త 1840లో వర్ణించిన ఈ అమెజాన్ చేప దాదాపు శతాబ్దం తర్వాతే సజీవంగా అక్వేరియాలకు వచ్చింది. వచ్చాక కూడా పిల్లల్ని బతికించడం చాలాకాలం ఎవరి చేతా కాలేదు. పిల్లల్ని తీసి వేరుగా పెంచితే చచ్చేవి. కారణం 1959లో హిల్డెమన్ అనే శాస్త్రవేత్త వ్యాసంతో స్పష్టమైంది: ఈదడం మొదలుపెట్టిన పిల్లలు తల్లిదండ్రుల ఒంటికి అతుక్కుని, చర్మం మీద ఊరే జిగురును మేస్తాయి. తల్లి అలసితే ఒళ్లు విదిలించి పిల్లల్ని తండ్రి వైపు మళ్లిస్తుంది, తండ్రి మళ్లీ తల్లి వైపు. రెండు మూడు వారాల తర్వాత పెద్దవి తప్పించుకు తిరగడం మొదలుపెడితే పిల్లలు తిండి వెతుక్కోవడం నేర్చుకుంటాయి. చేపలో పాలిచ్చే తల్లిదండ్రుల్ని చూసినట్టుంటుంది. జర్మనీలో ఎడ్వర్డ్ ష్మిట్-ఫోకే అనే వైద్యుడు, ఫ్లోరిడాలో జాక్ వాట్లీ, ఆ తర్వాత పినాంగ్, హాంకాంగ్, బ్యాంకాక్ పెంపకందారులు ఈ చేపను వ్యాపారంగా మార్చారు. డిస్కస్ బేరంలో ‘జత’ అనే మాటకు మెట్లు ఏర్పడ్డాయి. కలిసి తిరుగుతున్న జత ఒకటి. గుడ్లు పెట్టిన జత దాని పైది. గుడ్లు పొదిగి, పిల్లల్ని ఒంటి మీద మేపి పెంచిన జత అన్నిటికంటే పైది. మూడో మెట్టు మీదున్నది అమ్మకానికి వచ్చిందంటే ఎందుకు వచ్చిందని అడగని కొనుగోలుదారు ఉండకూడదు. పిల్లలకు రంగు పట్టించడానికి హార్మోన్లు వాడి తొందరగా అమ్మేసే అలవాటు ఈ వ్యాపారంలో కొందరికి ఉంది. అలాంటి పిల్లలు పెద్దయ్యాక గొడ్డుపోవచ్చు. పెంచిన పిల్లల్ని పక్కన చూపించే జతకు ఆ అనుమానం ఉండదు.

నియాన్ టెట్రా కథ నా వాదనకు అడ్డంగా నిలబడినట్టు కనిపిస్తుంది. 1930లలో దొరికి ప్రపంచమంతా పాకిన ఈ చిన్న చేపల్లో ఆడా మగా ఎవరికైనా దొరికేవి, అవి కలవడానికీ ఇబ్బంది లేదు. అయినా దాని పిల్లల్ని తీయడం దశాబ్దాలపాటు కొద్దిమంది చేతిలోనే ఉండిపోయింది. మెత్తటి, కాస్త పులుపు నీళ్లు, గుడ్ల మీద వెలుతురు పడకుండా చీకటి: ఇంతే రహస్యం. ఇక్కడ ధర ఎంపికది కాదు, తెలివిది. నా వాదనకు ఇది దెబ్బ కాదు. తెలివికి కట్టే ధర చేపతో పాటు సంచిలో రాదు కాబట్టి నియాన్ జతలకు విడిగా వెల పుట్టలేదు.

ఇక మన చేప దగ్గరికి వస్తే, కొల్లేరు చుట్టుపక్కల చెరువులు చెప్పే సాక్ష్యం అన్నిటికంటే గట్టిది. బొచ్చె, శీలావతి చెరువు నీళ్లలో పెద్దవవుతాయి గానీ వాటంతట అవి గుడ్లు పెట్టవు; వానాకాలపు వరద నీటి ఒరవడి కావాలి. అందుకే ఒకప్పుడు చేపపిల్లలకు నదే ఆధారం. గంగ నీళ్లలో పట్టిన పిల్లల్ని మట్టి కుండల్లో పోసి, కలకత్తా నుంచి రైళ్లలో దూర ప్రాంతాలకు పంపేవారు. దారి పొడవునా కుండను కదుపుతూ మనిషి కూర్చునేవాడు. వాటిలో కావలసిన జాతి ఎంతో, పనికిరాని చేపలు ఎన్నో పెరిగేదాకా తెలియదు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త వేరే చేప మెదడులోంచి తీసిన పీయూష గ్రంథి రసాన్ని ఎక్కించి కార్పు చేప చేత గుడ్లు పెట్టించాడు. జులై 10ని ఇప్పుడు దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతారు, దానికి తగిన కారణమే. ఆంధ్ర చెరువుల సాగు ఇంత ఎత్తుకు వచ్చిందంటే హేచరీ పిల్ల దొరకడమే పునాది. హేచరీలో తల్లి చేపలుంటాయి. ఒక ఆడదానికి రెండు మగవి చొప్పున ‘సెట్టు’ కడతారు, సూది వేస్తారు, గంటల్లో గుడ్లు. ఏది దేన్ని ఒప్పుకుంది అన్న ప్రశ్నే లేదు. కాబట్టి జత అమ్మకమూ లేదు. తల్లి చేపను కొంటే బరువునూ ఆరోగ్యాన్నీ బట్టి కొంటారు, అమ్మకమంతా లక్షల లెక్కన పిల్లల మీద. సూది ఎక్కడ పనిచేసిందో అక్కడ జత వెల అక్కరలేకపోయింది.

చివరికి మిగిలేది కొనేవాడి అనుమానం. రోజూ గుడ్లు పెట్టే బాతును ఎవరమ్ముతారు, జతను అమ్ముతున్నాడంటే అందులో లోపం ఉండాలి కదా? సగం నిజం. ఏంజెల్ జత బాగా పిల్లలిచ్చేది రెండు మూడేళ్లే; ఆ గడువు చివర్లో ఉన్నదాన్ని పడుచు జతగా అంటగట్టడం ఈ వ్యాపారంలో పాత విద్య. గుడ్లను వెంటనే తీసేస్తే పది రోజులకే మళ్లీ పెట్టే గుణం కూడా దీనికి తోడైంది. అలా యంత్రంలా వాడిన జతలు తర్వాత గుడ్లు కాయడమే మరిచిపోతాయని చాలామంది పెంపకందారుల ఫిర్యాదు. కానీ అమ్మకానికి న్యాయమైన కారణాలూ ఉన్నాయి. ఉత్తర చెన్నైలోని కొళత్తూరులో ఇళ్ల వెనకా మిద్దెల మీదా సిమెంటు తొట్లలో పెంచే కుటుంబాలు తెలుగు పట్టణాల దుకాణాలకు కూడా చేపలు అందిస్తాయి. అలాంటి చోట తొట్టి జాగా చేపకంటే విలువైనది. ఎనిమిది పిల్లల్ని పెంచితే రెండు జతలు తేలవచ్చు, ఉంచుకోవడానికి చోటు ఒకదానికే ఉండవచ్చు. రెండో జతను అమ్మడం తెలివితక్కువ కాదు. తన పోటీదారును తానే తయారుచేసుకుంటున్నాడని భయపడనక్కరలేదు కూడా. కొన్న ఇంట్లో నీళ్లు మారి, చోటు మారి, ఆ జతే విడిపోయి కొట్లాడుకోవచ్చు. ఒప్పందం ఆ రెండు చేపలది మాత్రమే కాదు, ఆ తొట్టిది కూడా. అందుకే జాగ్రత్తగలవాడు జతకు డబ్బు పెట్టకుండా ఆరు పిల్లల్ని కొని ఏడాది ఆగుతాడు. తొందరున్నవాడు ఆ ఏడాదిని ఇంకొకరి దగ్గర కొనుక్కుంటాడు.

హైదరాబాదు, విజయవాడ దుకాణాల అద్దాల వెనక ఎర్రగా ఉబ్బిన చెక్కిళ్లతో పారట్ ఫిష్ కనిపిస్తుంది. 1980లలో తైవాన్‌లో సిక్లిడ్ రకాల్ని కలిపి పుట్టించిన సంకరం ఇది. తల్లిదండ్రులెవరో పెంపకందారులు చాలాకాలం బయట పెట్టలేదు. ఇవీ జత కడతాయి. రెండూ కలిసి అడుగున రాళ్లు తవ్వుతాయి, గుడ్లు పెడతాయి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా రెక్కలతో విసురుతాయి. మగది దాదాపు ఎప్పుడూ గొడ్డుదే కాబట్టి మూడో రోజుకు గుడ్లు తెల్లబడి బూజు పడతాయి. కొన్ని వారాలకు మళ్లీ పెడతాయి, మళ్లీ కాస్తాయి. దుకాణంలో వాటి ధర సైజును బట్టీ రంగును బట్టీ, ఒక్కో చేపకు ఇంత అని.